పులిజూదంలో ఓడిన తాత

నూజివీడు మామిడి షెడ్డులో అన్నాలు తిన్నాక ఆడవాళ్ళు పులిజూదానికి కూర్చున్నారు.

నేల మీద సుద్దముక్కతో గీతలు. మూడు టెంకలు పులులు, పదిహేను పిందెలు మేకలు. పులి మేకల్ని తింటుంది. దారులన్నీ మూసి మూడు పులుల్నీ కట్టేస్తే మేకలదే గెలుపు.

షెడ్డు యజమాని సత్యనారాయణమూర్తి వచ్చి చెప్పుకాలితో ఒక గీత చెరిపాడు.

"నెలాఖరు ఆదివారం కాలేజీలో పోటీ ఉంది. మీలో ఎవరైనా నన్ను ఓడిస్తే ఆడుకోండి. లేదంటే ఈ షెడ్డులో ఆట బంద్."

పోయిన రెండేళ్ళూ ఆ పోటీ గెలిచింది ఆయనే.

అయినా కాయలు ఏరే సరోజ పేరు రాయించేసింది. రోజు మొత్తంలో ఆమె నవ్వేది ఆట ఆడే ఆ అరగంటే.

ఆమెతో రోజూ ఆడటానికి ముందుకొచ్చింది చిన్నప్ప ఒక్కడే. పెట్టెల్లో గడ్డి పరచడానికి ఆగిరిపల్లి నుంచి ఈ మధ్యే వచ్చిన ముసలాయన. పులులు తనకే కావాలన్నాడు, ఓడిపోయాడు. మర్నాడూ అంతే.

రోజూ ఓడేవాడు, అదీ రోజుకో కొత్త రకంగా. ఓడిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"నేనెక్కడ దెబ్బతిన్నానో చెప్పమ్మా."

సరోజ మొదటి మేక నుంచి అన్నీ మళ్ళీ పేర్చి, ఎత్తు ఎత్తూ విడమరిచి చెప్పేది. పాపం తాతకి మతిమరుపని పక్కన కాయలు ఏరే జ్యోతి జాలిపడింది. పులుల్ని పెట్టుకుని పిందెలకి చిక్కే మగవాణ్ణి ఎక్కడా చూడలేదని మిగతావాళ్ళు ఆటపట్టించారు. ఆయన బోసినోటితో నవ్వి గడ్డి సర్దుకునేవాడు.

పోటీ ముందురోజు సరోజ రెండు మేకల్ని కావాలనే పోగొట్టుకుని, పులుల్ని ఒక మూలకి లాగి కట్టేసింది. ఆ రోజు చిన్నప్ప ఏమీ అడగలేదు. బాపులపాడు వైపు తోటలో పని దొరికిందని సాయంత్రమే వెళ్ళిపోయాడు. ఏ తోటో ఎవరూ కనుక్కోలేదు.

ఆదివారం ఆఖరి ఆటలో యజమాని పులులు తీసుకున్నాడు. సరోజ రెండు మేకల్ని వదిలింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. ఇంకాసేపటికి మూడు పులులకీ కదిలే దారి లేదు.

షెడ్డు ఆడవాళ్ళు కుర్చీలెక్కి చప్పట్లు కొట్టారు.

సత్యనారాయణమూర్తి లేచి సరోజకి నమస్కారం పెట్టాడు. రేపే పెయింటు తెప్పించి షెడ్డులో ఆ గీతలు చెరగకుండా వేయిస్తానన్నాడు.

పోటీ పెట్టిన లెక్చరర్ విజయలక్ష్మి పాత ఆటల మాటలు పోగుచేస్తుంది. ఏ ఎత్తుకి ఏ ఊళ్ళో ఏం పేరు, ఆ పేరు ఎలా వచ్చిందీ అన్నీ ఆవిడ నోట్‌బుక్కులో ఉంటాయి. ఈ కట్టు ఎవరు నేర్పారని ఆవిడ సరోజని అడిగింది.

"ఎవరూ నేర్పలేదండీ. మా షెడ్డులో ఓ తాత రోజూ ఓడిపోతుంటే నాకే తట్టింది."

విజయలక్ష్మి పేజీలు వెనక్కి తిప్పింది.

"ఇది హనుమాన్ జంక్షన్‌లో పాత లారీ డ్రైవర్లు నాకు చెప్పిన కట్టమ్మా. నలభై ఏళ్ళ కిందట దీన్ని కనిపెట్టినాయన్ని ఓడించినవాడే లేడట, అందుకే ఆయన పేరే దీనికి పెట్టుకున్నారు, ఆగిరిపల్లి చిన్నప్ప కట్టు అని."