మట్టిలో నూనె జాడ

అంగారకుడి మీది మట్టి పరీక్షా కేంద్రంలో వకుళ ఒక్కతే ఉంటుంది. బండి తనంతట తాను తిరిగి ఎర్రమట్టి ఎత్తుకొస్తుంది. దాన్ని కొలిమిలో కాల్చి, ఆ ఆవిరిలో జీవపదార్థపు జాడ వెతకడం ఆమె పని. ఏళ్లుగా ఏమీ దొరకలేదు.

ఇవాళ తెర మీద గీత కొండలా లేచింది.

భూమి మీది పెద్దాఫీసరు సూరపరాజుగారి మాట ఆలస్యంగా వచ్చింది. "వకుళమ్మా, బంగారు తల్లివమ్మా! ఇక్కడ అందరం గంతులేస్తున్నాం. ఇంతకీ ఏంటమ్మా అది?"

ఆమె గీతను మళ్లీ చూసింది. అది నువ్వుల నూనె.

పోయిన వారం అమ్మ పెద్దకర్మ. ఇంటి దగ్గర తమ్ముడు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదట. అమ్మ ప్రాణం కూతురి మీదే ఉందని అందరూ అన్నారట. అది విని, వకుళ అన్నంలో నువ్వులు కలిపి, ముద్ద చేసి గుమ్మం బయట రాతి మీద పెట్టింది. ఇక్కడ కాకులుండవని తెలిసీ, అద్దం వెనక నిలబడి చాలాసేపు ఎదురుచూసింది.

ఇప్పుడు కిటికీలోంచి చూస్తే రాయి ఖాళీగా ఉంది. బండి చక్రాల జాడ దాని దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

ఆమె మైకు నొక్కింది.

"అవి నేను పెట్టిన నువ్వులేనండీ. ఇక్కడ ఇంకేమీ లేదు. అందరికీ అదే చెప్పండి." ఖాళీ రాయి వైపు మరోసారి చూసింది. "మా తమ్ముడికి మాత్రం, అమ్మ ముట్టిందని చెప్పండి."