తర్వాతి ఎత్తు

తర్వాతి ఎత్తు రాస్తానని మాట ఇచ్చి, ఇరవై ఏళ్ల క్రితం బావ మాట తప్పాడు. కార్డుకో ఎత్తు చొప్పున ఉత్తరాల్లోనే చదరంగం ఆడేవాళ్లం. ఓడిపోతున్నానని తెలిసి మూగనోము పట్టాడు. నేను చదివిన చరిత్ర నిండా ఇలాంటి పిరికి రాజులే. వాడి గడప మళ్లీ తొక్కలేదు.

ఆ ఆట బావ బదులు యంత్రంతో ఆడి ముగించడానికే చవకలో ఒక కంప్యూటరు కట్టించుకుందామని వెళ్లాను.

"చదరంగానికేనా బాబాయిగారూ? అయితే గ్రాఫిక్స్ కార్డు దండగ, చిన్న ప్రాసెసర్ చాలు," అంది దుకాణం నడిపే ఆవిడ.

"అది నెమ్మదిగా ఆలోచించాలమ్మా. మా బావ ఒక్కో ఎత్తుకి వారం తీసుకునేవాడు."

"అందరూ స్పీడు అడుగుతారు. మీరేంటండీ, నత్తని అడుగుతున్నారు!"

నవ్వుతూనే భాగాలు ఎంచి బిగించింది. నేను తెచ్చిన బావ కార్డుల కట్ట విప్పి, నా ఎత్తులు నేను చెబుతుంటే అన్నీ వరసగా ఎక్కించింది. ఆఖరి కార్డు దగ్గర ఆగిపోయింది.

"ఇది ఆయన రాత కాదే. కింద మీ సంతకం ఉంది. పోస్టు ముద్ర లేదేంటి?"

కళ్లజోడు సవరించుకుని చూశాను. నా రాతే. బావ చిరునామా కూడా రాశాను. పోస్టు చేయడం మరిచాను.

"పోనీ, ఇప్పుడు ఫోన్ చేసి చెప్పండి."

"పోయి రెండేళ్లయిందమ్మా. నేను వెళ్లలేదు."

ఆవిడ తల దించుకుని వైర్లు సర్దడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్లలో "నీ వంతేరా, మొద్దూ" అని ఒక్క ముక్క రాసి పడేస్తే ఏం పోయేది? ముమ్మాటికీ తప్పు బావదే.