కొంగు కాపడం

"ఇటియ్యే నా కొడుకుని!" అంది జగ్గమ్మ, పెరట్లోంచి తడిచేతులతో పరిగెత్తుకొచ్చి.

గున్నమ్మ ఇవ్వలేదు. ఏడుస్తున్న రాముణ్ని ఇంకా గట్టిగా గుండెకి హత్తుకుంది. అరుగు మీద పేర్చిన గోగునార కట్టలెక్కి, అక్కణ్నించి గుమ్మంలోకి బోర్లా పడ్డాడు వాడు. నాలుగేళ్లవాడి నుదుటి మీద బొప్పి నిమ్మకాయంత లేచింది. పడ్డప్పుడు దగ్గరున్నది గున్నమ్మే, ఎత్తుకున్నదీ గున్నమ్మే. ఎప్పుడో గాని దొరకని అవకాశం. తోడికోడలు అడగ్గానే ఇచ్చేస్తుందా?

"నాకూ సేతులున్నాయప్పా! కొంగు కాపడం నానూ ఎట్టగల్ను."

"అయితే బేగి ఎట్టు. గుంటడికి గుక్క తిరగడం నేదు."

గున్నమ్మ కొంగు ఉండచుట్టింది. కిందటి నెల మొగుడు నరసన్నపేట నుంచి తెచ్చిన నైలాన్ చీర అది. పెళ్లికో పేరంటానికో కట్టుకోవలసింది. ఎర్రపూలంటే రాముడికి ఇష్టమని పొద్దున్నే కట్టుకుని, ఇంటిపనంతా వాడి కళ్లెదుటే చేసింది. ఇప్పుడా కొంగు నోటికి ఆనించి, బుగ్గలు పూరించి ఊది, బొప్పి మీద అద్దింది. నైలాన్‌లో ఆవిరి నిలుస్తుందా నా మొహం! ఇటు ఊదితే అటు పోయింది. మళ్లీ ఊదింది. కంగారులో కాస్త గట్టిగా ఒత్తేసరికి రాముడు కెవ్వుమన్నాడు.

"నువ్వొద్దు సిన్నమ్మా! అమ్మ కావాల! అమ్మా!"

గున్నమ్మ చేతులు వాటంతటవే వదులయ్యాయి.

జగ్గమ్మ వాణ్ని లాక్కుని గుమ్మంలోనే చతికిలబడింది. నీళ్లలో వెలిసిపోయిన నేతచీర కొంగు ముద్దచేసి, ఒక్కసారి 'హా' అని ఊది, బొప్పి మీద ఉంచింది. అంతే. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగింది.

"కళ్లు తిరుగుతన్నాయేటిరా?"

"నేదు."

"కక్కొస్తన్నాదా?"

"నేదు."

"నిద్దరోకు నాయనా, నా మొకం సూడు. నిన్ను పడగొట్టిన గుమ్మం ఇదేనా? దీని పని సెప్దుమా?" అంటూ గడప మీద రెండు దెబ్బలు వేసింది. కన్నీళ్లు బుగ్గల మీద ఉండగానే రాముడు కిలకిలా నవ్వాడు.

గున్నమ్మకి కడుపు మండిపోయింది. ఈర్ష్యే. దానికి వేరే ముద్దుపేరెందుకు? జగ్గమ్మకి ఇద్దరు ఆడపిల్లలున్నారు, బడికి వెళ్లారు, ఆనపపాదుల్లా ఏపుగా ఎదుగుతున్నారు. గున్నమ్మ చేతుల్లో ముగ్గురు పోయారు. ఒక్కళ్లూ ఏడాది నిండలేదు. ఆ చేతుల్లోకి ఈ రాముడు దెబ్బ తగిలినప్పుడైనా తనంతట తాను రావాలని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు ఎవర్నీ.

"ఏటే అలా సూస్తన్నావు?" గోడవార చింతపండు పిక్కలు తీస్తున్న అత్త సుభద్రమ్మ కసిరింది. "గుంటడి మీంచి కళ్లు తిప్పుకో."

"సూస్తే అరిగిపోతాడేటి?"

"నీ సూపు ఆడికి మంచిది కాదని తెలిసీ అడుగుతావేటే?"

పుండు మీద కారం చల్లినట్టయింది గున్నమ్మకి. ఇన్నాళ్లూ పళ్ల బిగువున ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"అంతా నీకేనా అప్పా? పడితే నీ కొంగు. ఆకలేస్తే నీ సెయ్యి. నిద్దరొస్తే నీ ఒడి. నీకు మరిద్దరున్నారు గదా, ఇంకా సాల్లేదా? నానేటి రాయినా? ఒక్కపాలి, ఒక్కటంటే ఒక్కపాలి, నన్ను అమ్మా అనమను!"

సుభద్రమ్మ చింతపండు బుట్ట తోసేసి లేచింది. "నోరు ముయ్యే, నీ నోట్లో మన్నుబడ!"

"ముయ్యను. ఈ పూట ముయ్యను!" గున్నమ్మ గుమ్మం దగ్గర కూలబడి రాముడి రెండు చేతులూ పట్టుకుంది. "ఒరే నాయనా, సిన్నమ్మ అనొద్దురా. అమ్మా అను. బెల్లం ముక్క ఎడతాను, అను."

రాముడు ఆమె చీర మీది ఎర్రపూలకేసి చూశాడు, బొప్పి తడుముకున్నాడు. బెల్లం మాట బాగానే ఉన్నట్టు తోచింది వాడికి. నోరు తెరిచాడు.

జగ్గమ్మ చటుక్కున వాడి నోరు అరచేత్తో మూసేసింది.

"సూసినావా అత్తా!" గున్నమ్మ గొంతు చించుకుంది. "ఉత్త పిలుపు. దానికేటి కరుసవుద్దా? అది కూడా తనే దాసుకుంటాది!"

జగ్గమ్మ ఎదురు తిరిగి తిడుతుందనుకుంది గున్నమ్మ. జగ్గమ్మ తిట్టలేదు. రాముణ్ని అత్త చేతికిచ్చి, "పెరట్లో దూడని సూపించత్తా, నిద్దరోనియ్యకు" అని పంపేసింది. వీధి తలుపు దగ్గరగా వేసింది. బయట ఎవరో పొంచి వింటున్నారేమో అన్నట్టు ఒకసారి తలుపు సందులోంచి చూసి, గున్నమ్మ పక్కన కూర్చుని, ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది. చెవిలో చాలా నెమ్మదిగా చెప్పింది.

"ఆడిసేత అలా అనిపించకే గున్నా, నీకు దండమెడతాను. ముగ్గుర్ని ఎత్తుకుపోయిన సావు ఈడ్ని కూడా పోల్చుకోకూడదనే గదా, పుట్టిన పూటే సేటలో ఎట్టి నాకిచ్చీసినావు. అయిదో ఏడు ఎల్లనీ, ఆడ్ని కన్నది నువ్వేనని నా నోటితో నానే సెప్పి నీ ఒళ్లో ఎడతాను."