సుతిలి ముడి

చాటలోని బియ్యం మీద ఠాణా జమేదారు సైదులు సుతిలి ముక్క పెట్టేసరికి, రాళ్లేరుతున్న గుర్వమ్మ చెయ్యి ఆగింది.

"సుతిలి ఉడుకది సాబు," అంది.

"తినేటందుకు కాదక్కా. నా నౌకరి గీ ముడి మీదనే ఉన్నది."

నకిరేకల్ సడక్ మీద బాటసారులు తిని పడుకునే గుర్వమ్మ సరాయికి పేరు తెచ్చినవి రెండు: పుంటికూర, దొంగల ఆచూకీ. పోయినేడు బజారులో పుంజు మాయమైతే, రోజూ తన దగ్గర తినే ఎదురింటాయన ఆ పూట అన్నానికి రాలేదన్న ఒక్క ఆధారంతో ఈకలతో సహా బయటపెట్టింది. ఠాణాకు అంతుపట్టని సంగతులు ఆమె పొయ్యి దగ్గర తేలేవి. ఆమె సంగతే ఎవరికీ తెలియదు. ఏదో కరువు ఏట వచ్చిపడితే ముసలి బిక్షమ్మ చేరదీసి, పోతూ పోతూ సరాయి అప్పజెప్పింది. తల్లిగారి ఊరేదని అడిగితే, "పప్పు మంచిగ లేదా, ఊరడుగుతున్నవు?" అనేది.

సైదులు కూలబడి తన గోడు చెప్పుకున్నాడు. వెట్టి చెయ్యొద్దని రాసిన సంగం కాగితాలు మాటిమాటికీ దొర గడీ తలుపుకు అతుక్కుంటున్నాయి. అతికించేది గంజితో. గంజి లేని ఇల్లు ఏదని వెతకాలి? మొన్న మాత్రం పారిపోయే తొందరలో కాగితాల కట్ట జారిపడింది. దానికి కట్టిన అతుకుల సుతిలి ఇది. సంత రోజుకల్లా మనిషి దొరకకపోతే సైదులును అచ్చంపేట అడవి చౌకీకి మారుస్తామని జిల్లా పోలీసు పెద్ద మొహతమీం సాబు కబురు పంపాడు. అక్కడ పులికన్నా ముందు చలిజ్వరం పలకరిస్తుందని విని, అతని భార్య యాదమ్మ అప్పుడే ముక్కు చీదడం మొదలుపెట్టింది.

ముడిని సాలెల గండయ్యకు చూపించాడట. మగ్గం మీద తెగిన పోగుకు, నేతలో తట్టుకోకుండా వేసే ముడి ఇదని గండయ్య చెప్పాడు. తమ ఇళ్లల్లో పిల్లాజెల్లకు కూడా వస్తుంది గాని, బయటివాళ్లకు ఎంత నేర్పినా వేళ్లు తిరగవన్నాడు. తీరా చూస్తే మొన్న సాలెవాడ మొత్తం చండూరు పెండ్లిలో ఉంది.

"అంటే బయటికెల్లి వచ్చినోడు. బయటోల్లు దిగేది నీ ఇంట్లనే. వాడు నీ చేతి బువ్వే తింటున్నడక్కా."

గుర్వమ్మ సుతిలిని వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత సరాయిలో ఉన్న వాళ్లను ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చింది. గాజుల మైసయ్య, ఎడ్ల బేరగాడు కాటమయ్య, ఇంకొకాయన పరమేశ్వర్. ఈ మూడో ఆయన యాదగిరిగుట్టకు నడిచిపోతున్నానంటాడు, కాని కదలడు.

"గుట్టకు నడిచేటోని మడిమలు గింత తెల్లగుంటయా సాబు?" అని, కాసేపు ఆలోచించి, "అయినా తొందరెందుకు, అందరితోని ముడి ఏయిద్దం. నువ్వు తలుపు ఎనక కూసోని బువ్వ తిను," అంది.

మధ్యాహ్నం తిని లేచిన ప్రతివాడి చేతిలో రెండు సుతిలి ముక్కలు పెట్టి, ఎండుమిరపకాయలు కట్టాలి, జర అతికించి పొమ్మంది. మైసయ్య గాజుల దండ కట్టినట్టు పువ్వు ముడి వేశాడు. కాటమయ్య కోడెను కట్టేసే ముడి వేసి, ఇది ఊడితే నా మీసం గొరిగించుకుంటానన్నాడు. పరమేశ్వర్ గుట్ట మీది నరసింహస్వామి మహిమలు చెబుతూనే కొసలు మెలిపెట్టి, లాగి, మిగిలిన దారం పంటితో కొరికి ఉమ్మాడు. ముడి జొన్నగింజంత కూడా లేదు.

గుర్వమ్మ ఆ ముడిని వేలితో తడిమింది. తలుపు వైపు చూసిందంతే.

సైదులు ఎంగిలి చేత్తోనే ఉరికాడు. పరమేశ్వర్ రెక్కలు విరిచికట్టి, సంగపోన్ని పట్టానని నడిబజారు గుండా నడిపించాడు. జనం మిద్దెలెక్కి చూశారు. ఠాణా మెట్ల మీద కట్టు విప్పగానే పరమేశ్వర్ నడుము దోపు లోంచి ఇత్తడి బిళ్ల తీసి చూపించాడు.

"నల్లగొండ ఖుఫియా పోలీసునిరా నేను. ఆ సంగపోన్ని పట్టెటందుకే, పుట్టుకతోని సాలెనని నన్ను పంపిండ్రు. ఇప్పుడు ఊరంత నా మొకం సూసింది. ఇగ ఎవన్ని పట్టాలె?"

ఆయన సాయంత్రం మోటారుకే నల్లగొండ వెళ్లిపోయాడు. ఆ వారమూ గడీ తలుపుకు కాగితం అతుక్కుంది. సైదులుకు అచ్చంపేట హుకుం వచ్చింది.

పోయే రోజు బండి సరాయి ముందు ఆగింది. గుర్వమ్మ చాలా నొచ్చుకుంది.

"నా అంచనా తప్పింది సాబు."

"నీదేం తప్పున్నదక్కా. ముడి సాలెముడే. మనిషే వేరేటోడు."

ఆమె జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు మూటగట్టింది. సుతిలి చాలలేదని లోపలికి పోయి, ఇంకో ముక్క అతికించి తెచ్చింది. చలిజ్వరానికి మిరియాల కషాయం మరవొద్దని, యాదమ్మను పైలంగా చూసుకొమ్మని చెప్పింది. బండి మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడింది.

దారి పొడుగునా సైదులుకు ఒకటే ధ్యాస. మైసయ్య కాదు, కాటమయ్య కాదు, మరి తన కళ్ల ముందే తిరిగిన ఆ మనిషెవరు? డిండి వాగు దగ్గర బండి విప్పారు. ఆకలైందని యాదమ్మ అనడంతో సద్దిమూట ఒళ్లో పెట్టుకున్నాడు. కట్టు ఊడలేదు. గోటితో గీకాడు, పంటితో లాగాడు, చివరికి వెలుతురుకు పట్టి చూశాడు.

సుతిలి నడుమ ఉన్నది సాలెముడి.