మూగనోము తీసిన సినిమా

చిటికెన వేలంత మట్టి అమ్మ, అగ్గిపెట్టె మంచం మీద బట్టలు మడత పెడుతోంది.

ట్యాబ్ తెర మీద ఆ చేతులు నిజంగానే కదులుతున్నాయి.

డ్రాయింగ్ టీచర్ మురిసిపోయింది. బడికి ట్యాబ్‌లు కొత్తగా వచ్చాయి. బొమ్మను ఇంత ఇంత జరుపుతూ ఫొటోలు తీస్తే, అన్నీ అతికించి సినిమా చేసి పెడతాయి.

"మీ ఇంటి కథ తీయండర్రా" అంది క్లాసుతో.

ఒకడు తాతయ్య గురకకి ఇంటి కప్పు లేచిపోయినట్టు తీశాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఈ మట్టి అమ్మ సినిమా తీసిన పిల్ల మాత్రం నవ్వలేదు. అడిగితే తప్ప నోరు విప్పదని తోటిపిల్లలు ఆమెకి పెట్టిన పేరు మూగనోము.

తెర మీద అమ్మ బట్టలన్నీ సంచిలో కుక్కింది. నాన్న బొమ్మ లోపలికొచ్చింది. సంచి మంచం కిందికి జారింది. అమ్మ, పాప బిగుసుకుపోయారు.

"ఇక్కడ బొమ్మల్ని జరపడం మర్చిపోయావా?"

"లేదు టీచర్. అప్పుడు మేం కదలం."

నాన్న వెళ్లిపోయాడు. అమ్మా పాపా సంచితో బస్సెక్కారు.

"కథ భలే అల్లావే!"

"అల్లలేదు. శుక్రవారం వెళ్తాం. ఎవరికీ చెప్పొద్దంది అమ్మ."

"మరి నువ్వు..."

"చెప్పలేదుగా టీచర్. బొమ్మలతో చేశాను."

టీచర్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

తెర అడుగున చిన్న అక్షరాలు. 'ఇంటికి పంపబడింది.'

పిల్లలు పని ముగించగానే అది దానంతటదే ఇంటి ఫోనుకి చేరుతుంది. మొన్న ఈ ఏర్పాటు చూసి తల్లిదండ్రులంతా చప్పట్లు కొట్టారు.

"మీ ఇంట్లో ఫోను ఎవరి దగ్గరుంటుందమ్మా?"

"నాన్న దగ్గరే. అమ్మకి లేదు."

ఆ అక్షరాల పక్కనే 'చూశారు' అని పడింది.

కాసేపటికి జవాబు కూడా వచ్చింది.

'చాలా బాగా తీసింది టీచర్ గారూ. ఇవాళ పాపని నేనే వచ్చి తీసుకెళ్తాను.'

పిల్ల తల ఎత్తి చూసింది. "నాన్నకి నచ్చిందా టీచర్?"

టీచర్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వెనక గేటు వైపు నడిచింది. స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే పెద్ద మేడమ్ కిటికీలోంచి కేకేసింది.

"ఎక్కడికమ్మా? ఇంకో క్లాసుందిగా!"

"వచ్చి చెప్తానండీ."

ఇంటి తలుపు తీసిన తల్లి, మొదట కూతుర్ని చూసింది, తర్వాత టీచర్‌ని. ఆ తర్వాత వీధి ఆ చివరి దాకా చూసింది.

"ఆయనకి తెలిసిపోయిందమ్మా. నా వల్లే" అంది టీచర్.

 తల్లి, బిక్కమొహం వేసిన కూతుర్ని పొట్టకి హత్తుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"బడికొస్తున్నాడు."

"అయితే పదండి."

కట్టుబట్టలతో గడప దాటింది.

మెట్ల మీద ఒక్క క్షణం ఆగింది. వెనక్కి వెళ్లి టీవీ పెట్టి, సౌండు బాగా పెంచి, తలుపు లాగేసి వచ్చింది.