గడి ఖాళీగా ఉండకూడదు

ఆఫీసు హాజరు లెక్కలకి కొత్త డేటాబేస్ అమ్మినవాళ్ళ మీద కంప్యూటర్ ఆపరేటర్‌కి ఒళ్ళు మండిపోతోంది. ఎవరూ అడగని సదుపాయం ఒకటి అందులో పెట్టి, ముందే ఆన్ చేసి మరీ అంటగట్టారు. ఏ గడి ఖాళీగా కనిపించినా అదే నింపేస్తుంది. ఆఫీసులో ఇంకా పనిచేసుకుంటున్న వాళ్ళకి కూడా, ఇంటికి వెళ్ళిపోయినట్టు టైము వేసేస్తుంది. ఆ పీడ వదిలించడానికే అతను ఆ రాత్రి ఒక్కడే ఉండిపోయాడు.

సెట్టింగు ఆపేశాడు. తన పేరు పక్కన పడ్డ టైము చెరిపేశాడు. పేజీ మళ్ళీ తెరిస్తే సెట్టింగు ఆన్‌లోనే ఉంది. టైమూ అక్కడే ఉంది.

"నీ దుంప తెగ. ఇక్కడే ఏడ్చాను కదా, కనబడట్లేదా?" అన్నాడు.

లోపల మనుషులెవరూ లేరన్న లెక్కన కాబోలు, లైట్లు ఆరిపోయాయి. ఏసీ ఒకసారి మూలిగి ఆగింది. తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. తలుపు కదల్లేదు.

చీకట్లో తడుముకుంటూ వచ్చి, బల్ల మీది ఆఫీసు ఫోన్ తీసి భార్యకి చేశాడు.

"నేనే. ఆఫీసు తలుపు తెరుచుకోవట్లేదు. నువ్వు తినేసి పడుకో."



"ఎవరండీ మీరు? మావారు ఇందాకే వచ్చారు. భోంచేస్తున్నారు." ఆమె గొంతు దూరమైంది. "ఏమండీ, ఎవరో ఆఫీసులో ఇరుక్కుపోయారట. అచ్చం మీ గొంతే."

కుర్చీ జరిగిన చప్పుడైంది. తాపీగా అడుగులు దగ్గరకొచ్చాయి. అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు, అచ్చం తను సవరించుకునేట్టే.

"ఫోన్ పెట్టెయ్. ఆఫీసులో ఎవరూ లేరు. అందరికన్నా ఆఖర్న తాళం వేసొచ్చింది నేనే."