బోణీ పళ్ళు

“ఒక్క పన్ను పుచ్చితే నాలుగు పళ్ళు అరగదీస్తావా? నువ్వు డాక్టరువా, వడ్రంగివా?”

ఆ కేక వేసేసరికి బసవపున్నయ్యకు ప్రాణం పోయినంత పనయింది. నోట్లోకి గాలి పోయినా ఎడమ దవడ జివ్వుమంటోంది. అరగదీసిన పళ్ళ మీద క్యాపులు వేయించుకున్న దగ్గర్నుంచీ ఇదే నరకం. కాఫీ చల్లార్చి తాగాలి, మంచినీళ్ళు వెచ్చబెట్టి తాగాలి, పసిపిల్లాడికి పెట్టినట్టు అన్నం మెత్తగా పిసుక్కుని కుడివైపున నమలాలి.

హిమజ గబగబా లేచి, వేసి ఉన్న గది తలుపునే ఇంకాస్త బిగించింది.

“మెల్లిగా నాన్నా. బయట పేషెంట్లున్నారు. అయినా ఎవరు చెప్పారు నీకు?”

“నరసరావుపేట పోయి వేరే డాక్టరుకి చూపించుకొచ్చా. కూతుర్ని డాక్టరు చదివించి, దొంగలాగా మూతికి మాస్కు పెట్టుకుని పోయా. నువ్వు క్యాపులేసినవాటిల్లో మూడు నిక్షేపంలాంటి పళ్ళంట. అరగదీసింది మళ్ళీ రాదంట. ఎవరేశారని అడిగితే సిగ్గేసి, హైదరాబాదులో ఎవరో అని చెప్పా.”

తప్పు చేసినవాళ్ళు తల దించుకుంటారని మనం అనుకుంటాం. హిమజ దించుకోలేదు.

“ఎందుకేశానో నీకు తెలీదా? ఓపెనింగు రోజు సగం మాచర్ల ఇక్కడే ఉంది. అందరి ముందూ నువ్వేగా అన్నావు, ఒంటి పన్నుతో బోణీ ఏందమ్మాయ్, మొదటి బేరం ఘనంగా ఉంటేనే కలిసొస్తదని?”

నిజమే, ఆ మాట బసవపున్నయ్యే అన్నాడు. పత్తికొట్టులో బోణీ చిన్నదైతే ఆ పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చునే మనిషి ఆయన. కూతురి క్లినిక్కుకు తన నోరే బోణీ కావాలని మీసం దువ్వుకుని కుర్చీ ఎక్కిందీ ఆయనే. ఆ రోజు పళ్ళన్నీ బయటపెట్టి దిగిన ఫొటో ఒకటి ఇప్పటికీ గుమ్మం ముందు ఫ్లెక్సీ మీద నిలువెత్తున నవ్వుతోంది.

“నేనంటే మాత్రం? డాక్టరువి నువ్వా, నేనా?”

“కొన్నాళ్ళకు సర్దుకుంటాయనుకున్నా నాన్నా.”

“నా సంగతి పోనియ్యి. బయట కూర్చున్నవాళ్ళ మాటేంది? వాళ్ళక్కూడా ఇంతేనా?”

హిమజ తలుపు వంక ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, “ఒక్కో పన్నే బాగు చేసి పంపిస్తా కూర్చుంటే క్లినిక్ నడవదు,” అంది.

ఆ మాటకు బసవపున్నయ్య దవడ నొప్పి కూడా మర్చిపోయాడు. బతుకంతా పత్తి తూచాడు. ఆయన కాటా తప్పు చూపించిందని ఒక్క రైతు అన్న పాపాన పోలేదు. ఆ పేరు చూసుకునే ఆయన బజార్లో రొమ్ము విరుచుకుని నడుస్తాడు.

“ఇయ్యాల్టితో ఆపు. నువ్వు ఆపకపోతే నేనే పోయి చెప్తా,” అని విసురుగా తలుపు తోసుకుని హాల్లోకి వచ్చాడు.

చెప్పేవాడే. నోరు తెరిచాడు కూడా.

“బాబాయ్! దేవుడిలాగా వచ్చావు,” అంటూ బెంచీ మీంచి లేచింది రెంటచింతల శౌరమ్మ. ఏటా ఆయన కొట్టుకే పత్తి తెచ్చే మనిషి. చెంగుతో బుగ్గ అదిమి పట్టుకుని ఉంది. “ఒక పన్ను సలుపుతుందని వస్తే, పక్కవి కూడా పోతయ్, నాలుగింటికీ క్యాపులెయ్యాలంటది మీ అమ్మాయి. నాకేమో చానా భయంగా ఉంది. నీకూ నాలుగేసిందంటగా? నువ్వు చెప్పు బాబాయ్. నీ కాటా మీద నాకెప్పుడూ అనుమానం రాలా.”

హాల్లో ఉన్నవాళ్ళంతా ఆయన వంక తిరిగారు. గది గుమ్మంలో హిమజ నిలబడి ఉంది. తెల్లకోటు అంచు పిడికిట్లో పట్టుకుని నలుపుతోంది. చిన్నప్పుడు బళ్ళో పలక పగలగొట్టుకుని వచ్చిన రోజున గౌను అంచు అట్లాగే నలిపింది. ఆ రోజు కూడా వాళ్ళమ్మకు అబద్ధం చెప్పి కాపాడింది ఆయనే.

“నొప్పేం లేదమ్మా,” అన్నాడు బసవపున్నయ్య.

“నమలగలుగుతున్నావా?”

“ఆఁ. బ్రహ్మాండంగా.”

శౌరమ్మ ఒట్టి మాటలకు లొంగే రకం కాదు. పొట్లం విప్పి, బస్టాండులో కొనుక్కున్న వేయించిన శనగలు గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది.

“ఏదీ, ఆ క్యాపులున్న పక్క నమిలి చూపించు. అప్పుడు నమ్ముతా.”

ఆయన శనగలు ఎడమ బుగ్గన వేసుకున్నాడు. కరకర చప్పుడు హాలంతా వినిపించింది. ఒక్కో గింజ పగిలినప్పుడల్లా నెత్తిలో మేకు దిగినట్టుంది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, చివరి గింజ దాకా నమిలి మింగాడు. కూతురి మీద అంత అసహ్యం, అంత ప్రేమ ఆయనకు ఎన్నడూ ఒక్కసారే కలగలేదు.

శౌరమ్మ ముఖంలో భయం కాస్త తగ్గింది. అయినా చివరి అనుమానం ఒకటి మిగిలింది.

“మరి ఇందాక లోపల ఆ పిల్ల మీద కేకలేస్తున్నావు, దేనికి బాబాయ్? మాటలు తెలియలా గానీ అరుపులు వినపడ్డయ్.”

బసవపున్నయ్య నవ్వాడు. నాలుగు క్యాపులూ తళతళ మెరిశాయి.

“ఏం లేదమ్మా. కుడిపక్క కూడా ఇయ్యాలే వెయ్యమంటే, ముందు శౌరమ్మకేసి తర్వాతే నీకంటది మా పిల్ల.”